నంబర్లను చూసి భయపడాలా? – ఆహారంలో కలిపే పదార్థాల గురించి కొన్ని నిజాలు



2023 వర్షాకాలంలో ఒకరోజు మన ప్రసూతి వార్డులో ఏడవ నెల గర్భిణి ఒకామెను చేర్చారు. ముఖం పాలిపోయి ఉంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6 గ్రాములు వచ్చింది. గర్భిణికి కనీసం 11 ఉండాలి. వెంట వచ్చిన అత్తగారు చాలా మంచి మనిషి, కోడలిని కన్నకూతురిలా చూసుకుంటోంది. "ఏం పెడుతున్నారమ్మా అమ్మాయికి?" అని అడిగితే ఎంతో గర్వంగా చెప్పింది.

"సిస్టరమ్మగారూ, రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారంట కదండీ. నేను చేటలో పోసుకుని ఒక్కో గింజా ఏరి పారేసి గానీ పిల్లకి వండి పెట్టట్లేదు. ఆ ఎర్ర మాత్రలు కూడా కెమికలేనంట. అవీ మానిపించేశాను."

ఆమె పారేసిన ఆ గింజలు ప్లాస్టిక్ కావు. రక్తం పట్టడానికి ఐరన్ కలిపి చేసిన బియ్యపు గింజలు. ఆమె మానిపించిన ఎర్ర మాత్రలు ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు. ప్రేమతోనే చేసింది, కానీ ఆ పిల్లకు కావలసిన మందునే చేతులారా దూరం చేసింది. ఆరోజు నుండి ఈ విషయం మీద పత్రికలో ఒక వ్యాసం వ్రాయాలని నా మనసులో ఉంది.

డబ్బా మీద నంబరు కనిపిస్తే విషం, ప్యాకెట్‌లో ఉన్నదంతా క్యాన్సర్ అనే మాట ఈ రోజుల్లో ఓ.పి.లోనూ వింటున్నాం, కూటాల్లోనూ వింటున్నాం. ఇందులో కొంత నిజం ఉంది, ఎక్కువ భాగం నిజం లేదు. ఏది ఏదో విడదీసి చూద్దాం.

ఒక కాగితం కథ

1976 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలో టైపు కొట్టిన ఒక కాగితం చేతులు మారడం మొదలైంది. ఆహారంలో కలిపే పదార్థాల నంబర్ల జాబితా అందులో ఉంది. ఇవి క్షేమం, ఇవి అనుమానం, ఇవి క్యాన్సర్ తెచ్చేవి అని విడదీసి వ్రాశారు. విల్‌జుయిఫ్ అనే ఊరిలోని ప్రఖ్యాత క్యాన్సర్ ఆసుపత్రి పేరు దానికి తగిలించారు. ఆసుపత్రి వారు "ఇది మాది కాదు" అని ఎన్నిసార్లు ఖండించినా పదేళ్ళకు పైగా ఆ కాగితం ఆగలేదు. తల్లులు, ఉపాధ్యాయులు, ఆఖరికి కొందరు డాక్టర్లు కూడా దాన్ని జిరాక్సు తీసి పంచిపెట్టారు.

ఆ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదకరం అని వ్రాసిన నంబరు ఏమిటో తెలుసా? 330. అంటే సిట్రిక్ ఆసిడ్. మన వంటింట్లో నిమ్మ ఉప్పు అనేది అదే. నిమ్మకాయలో, బత్తాయిలో, నారింజలో దేవుడు పెట్టిన పులుపు అదే. మన శరీరంలోని దాదాపు ప్రతి కణమూ శక్తిని తయారు చేసుకునేటప్పుడు సిట్రిక్ ఆసిడ్ పుడుతుంది. దీన్ని కనుగొన్న శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్ గారికి 1953లో నోబెల్ బహుమతి ఇచ్చారు. నర్సింగ్ మొదటి సంవత్సరంలో మేమందరం బట్టీ పట్టిన క్రెబ్స్ సైకిల్ ఇదే. జర్మన్ భాషలో 'క్రెబ్స్' అంటే క్యాన్సర్ అని కూడా అర్థం. ఎవరో ఈ రెంటినీ కలిపి చదివి పొరబడి ఉంటారని చెబుతారు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 1990ల మధ్యలో నేను స్టాఫ్ నర్సుగా ఉన్నప్పుడు ఇలాంటి జాబితా ఒకటి నా చేతికీ వచ్చింది. ఆసుపత్రి పేరు ఉంది కదా అని నమ్మి, స్త్రీల సమాజంలో గట్టిగా చదివి వినిపించాను. వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, "330 అంటే ఏమిటమ్మా, అది దేంట్లో ఉంటుంది?" అని అడిగింది. నాకు తెలియదు. మర్నాడు ఫార్మసీలో అడిగితే మా ఫార్మసిస్టుగారు నవ్వి, "నిన్న మీటింగులో మీరందరూ ఏం తాగారు సిస్టర్?" అన్నారు. అందరం నిమ్మరసమే తాగాం! తెల్ల యూనిఫారం వేసుకుని చెప్పినంత మాత్రాన అబద్ధం నిజం కాదని ఆరోజు నేర్చుకున్నాను. అప్పటి జిరాక్సు కాగితం పని ఇప్పుడు సెల్ ఫోను చేస్తోంది, అంతే తేడా.

ఇంతకీ ఈ నంబర్లు ఏమిటి?

ఆహారం చెడిపోకుండా ఉండటానికి, రుచి, రంగు, మెత్తదనం రావటానికి, గడ్డ కట్టకుండా ఉండటానికి కావాలని కొలిచి కలిపే పదార్థాలను ఆహార సంకలితాలు అంటారు. ఇంగ్లీషులో ఫుడ్ ఎడిటివ్స్ అంటారు. ప్రతి దేశంలో ఒక్కో పేరుతో పిలిస్తే గందరగోళం కాబట్టి అంతర్జాతీయంగా ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చారు. ఆసుపత్రిలో ప్రతి రోగికి ఓ.పి. నంబరు ఇచ్చినట్టే. నంబరు ఉందంటే దాని పేరు, దాని పరీక్షలు ఎక్కడో నమోదై ఉన్నాయని అర్థం. అది మంచిదనీ కాదు, చెడ్డదనీ కాదు.

మీ వంటింట్లో ఉన్నవాటి నంబర్లే చూడండి. పసుపులోని రంగు 100. వెనిగర్‌లోని పులుపు 260. సి విటమిన్ 300. సోయా నుండి తీసే లెసిథిన్ 322. నిమ్మ ఉప్పు 330. జామపండు జెల్లీని గడ్డకట్టించే పెక్టిన్ 440. బజ్జీల పిండిలో వేసే తినే సోడా 500. మన అమ్మమ్మలు ఉప్పు, నూనె, ఆవపిండి కలిపి ఏడాది పొడవునా ఊరగాయ నిలవ చేశారు. అది కూడా నిలవ ఉంచే విద్యే.

మోతాదే ముఖ్యం

వార్డులో మేము ప్రతి మందునూ కొలిచి ఇస్తాం. జ్వరానికి పారాసిటమాల్ మాత్ర ఒకటి వేస్తే మేలు. అదే మాత్రలు ఒక స్ట్రిప్పు మొత్తం ఒకేసారి మింగితే కాలేయం పాడై ప్రాణం పోవచ్చు. మందు అదే, మోతాదు మారింది. ఉప్పుకైనా, చక్కెరకైనా, సంకలితాలకైనా ఇదే సూత్రం.

ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పరచిన నిపుణుల సంఘం 1956 నుండి ఈ పదార్థాలను పరిశీలిస్తోంది. ముందుగా జంతువులకు వేర్వేరు మోతాదుల్లో ఇచ్చి, ఏ మోతాదు వరకు ఏ హానీ కనబడలేదో చూస్తారు. సాధారణంగా ఆ మోతాదును 100తో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ తేడా ఉంటుందని ఒక పది వంతులు, మనుషుల్లో పసివారు, వృద్ధులు, జబ్బు మనుషులు ఉంటారని ఇంకో పది వంతులు. అలా వచ్చినదే మనిషి రోజూ, జీవితాంతం తిన్నా ఫరవాలేదనుకునే మోతాదు. ఒకరోజు దాన్ని కాస్త దాటితే వెంటనే జబ్బు చేస్తుందని కాదు, రోజూ దాటకూడదని అర్థం. మన దేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం క్రింద ఏ పదార్థం ఏ ఆహారంలో ఎంత కలపవచ్చో నిర్ణయిస్తారు.

మనలో ఎక్కువగా వినిపించే నాలుగు భయాలు

1. "టేస్టింగ్ సాల్ట్ తింటే నరాలు చచ్చుపడతాయా?"

టేస్టింగ్ సాల్ట్, అజినొమోటో అని మనం పిలిచేది మోనోసోడియం గ్లుటమేట్. దీని నంబరు 621. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచుతో చేసిన చారులోని కమ్మదనం ఏమిటా అని వెదకి దీన్ని కనుగొన్నారు. ఇందులోని గ్లుటమేట్ పండిన టమాటాలో ఉంది, జున్నులో ఉంది, తల్లిపాలలో కూడా సమృద్ధిగా ఉంది.

భయం ఎక్కడ మొదలైంది? 1968లో అమెరికాలో ఒక డాక్టరు, చైనా హోటల్లో తిన్నప్పుడల్లా తనకు మెడ తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని ఒక వైద్య పత్రికకు ఉత్తరం వ్రాశారు. కారణం సోయా సాసా, వంటలో పోసే వైనా, ఉప్పా, గ్లుటమేటా అని ఆయన అడిగారంతే. జనం గ్లుటమేట్‌నే పట్టుకున్నారు. తరువాత ఇచ్చేవారికీ తినేవారికీ ఏది ఏదో తెలియకుండా జరిపిన పరీక్షల్లో, భోజనంతో కలిపి మామూలు మోతాదులో తిన్నవారికి ఆ లక్షణాలు నిలకడగా రాలేదు. ఆహారమేమీ లేకుండా ఒకేసారి 3 గ్రాములు, అంతకుమించి తీసుకున్నప్పుడు కొందరికి కొద్దిసేపు తలనొప్పి, తిమ్మిరి వంటివి కనిపించాయి. పడనివారు మానేయండి, తప్పులేదు. కానీ పక్షవాతం దీనివల్ల వస్తుందనడానికి ఆధారం లేదు.

బండి మీద ఫ్రైడ్ రైస్ విషయంలో నేను భయపడేది వేరే మూడింటికి. మళ్ళీ మళ్ళీ కాచిన నూనె, దండిగా వేసే ఉప్పు, ఎర్ర రంగు. బి.పి. ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. టేస్టింగ్ సాల్ట్‌లో కూడా సోడియం సుమారు 12 శాతం ఉంటుంది. మామూలు ఉప్పులో దాదాపు 39 శాతం. రెండూ కలిపి వేస్తే రెండూ లెక్కకు వస్తాయి.

2. "ప్యాకెట్ ఉప్పులో సయనైడ్ ఉందటగా?"

2019లో ఈ వార్త దేశమంతా తిరిగింది. ఉప్పు తడికి గడ్డ కట్టకుండా పొటాషియం ఫెర్రోసయనైడ్ అనే పదార్థాన్ని అతి కొద్దిగా కలుపుతారు. నంబరు 536. మన దేశంలో కిలో ఉప్పుకు 10 మిల్లీగ్రాములకు మించకూడదు. పేరులో సయనైడ్ ఉన్నమాట నిజమే. కానీ ఇందులో అది ఇనుముతో గట్టిగా బంధించబడి ఉంటుంది. మన కడుపులో గానీ పొయ్యి మీది కూరలో గానీ ఆ బంధం ఊడి విషంగా మారదు.

ఈ భయంతో కొందరు అయోడిన్ లేని గల్లు ఉప్పుకు మారిపోతున్నారు. నాకు బాధ కలిగించేది అదే. అయోడిన్ తక్కువైతే గొంతు మీద గాయిటర్ వాపు వస్తుంది. గర్భిణికి తక్కువైతే కడుపులో బిడ్డ మెదడు ఎదగదు. అందుకే 2006 మే నెల నుండి మనుషులు తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మటాన్ని దేశమంతటా నిషేధించారు. లేని విషానికి భయపడి బిడ్డ తెలివితేటలను పణంగా పెట్టకండి.

3. "షుగర్ మాత్రలు క్యాన్సర్ తెస్తాయా?"

చక్కెర బదులు వాడే తీపి మాత్రల భయం పాతదే. 1970లలో శాక్రిన్ తిన్న ఎలుకలకు మూత్రాశయ క్యాన్సర్ వచ్చిందని 1977లో అమెరికాలో దాన్ని నిషేధించబోయారు, కొన్నేళ్ళపాటు డబ్బా మీద హెచ్చరిక వేశారు. తరువాత తేలిందేమంటే, ఆ గడ్డలు మగ ఎలుకల మూత్రపు ప్రత్యేకత వలన వచ్చినవి, మనుషులకు వర్తించవు. 2000లో దాన్ని క్యాన్సర్ కారకాల జాబితా నుండి తీసివేశారు.

2023 జూలైలో ఆస్పర్టేమ్ వంతు వచ్చింది. క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని "బహుశా క్యాన్సర్ కలిగించవచ్చు" అనే 2బి తరగతిలో చేర్చింది. ఆధారాలు పరిమితంగా ఉన్నవాటిని పెట్టే తరగతి అది. కలబంద ఆకు మొత్తంగా తీసిన సారం కూడా ఆ తరగతిలోనే ఉంది. అదేరోజు నిపుణుల సంఘం, శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాముల పాత మోతాదు మార్చనవసరం లేదని చెప్పింది. 60 కిలోల మనిషికి అది 2,400 మిల్లీగ్రాములు. టీలో వేసుకునే ఆస్పర్టేమ్ మాత్ర ఒక్కోదానిలో సుమారు 18, 20 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే నూరు మాత్రలు దాటాలి.

ఆ వార్త చదివి, ఇరవై ఏళ్ళుగా షుగరు ఉన్న ఒక రిటైర్డు మాస్టారు ఆ మాత్రలు పారేసి చక్కెరకు మారారు. రోజుకు ఐదు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాలు. అంటే రోజుకు సుమారు 50 గ్రాముల చక్కెర! రెండు నెలల తరువాత కాలి పుండుతో వచ్చారు. షుగరు 400 దాటింది. ఒక వేలు తీసేయవలసి వచ్చింది. "క్యాన్సర్ వస్తుందని భయపడ్డానమ్మా" అన్నారు ఆయన. రాని జబ్బుకు భయపడి ఉన్న జబ్బును మేపడం అంటే ఇదే.

ఈ మాత్రలు అమృతమని కూడా నేను చెప్పను. బరువు తగ్గడానికి వీటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సలహా ఇచ్చింది. ఆ సలహా ఇప్పటికే షుగరు ఉన్నవారి గురించి కాదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన పుట్టు జబ్బు ఉన్నవారు మాత్రం ఆస్పర్టేమ్ అసలు తీసుకోకూడదు. అన్నిటికన్నా మంచిది, నెమ్మదిగా నాలుకను తీపి లేని టీకి అలవాటు చేయటం.

4. "రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారా?"

ప్లాస్టిక్ ఖరీదు బియ్యం ఖరీదు కన్నా ఎక్కువ. నష్టానికి ఎవరూ కల్తీ చేయరు. మీరు చూసే ఆ గింజలు ఫోర్టిఫైడ్ బియ్యపు గింజలు. బియ్యపు పిండిలో ఐరన్, ఫోలిక్ ఆసిడ్, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో మళ్ళీ గింజలాగా ఒత్తుతారు. నూరు గింజలకు ఒక గింజ చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. అందుకే రంగు కాస్త తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి. ఉడికితే అన్నంలో కలిసిపోతాయి. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఈ పథకాన్ని ప్రకటించారు. 2024 మార్చి నాటికి అన్ని రాష్ట్రాల రేషన్ బియ్యానికీ దీన్ని విస్తరించారు.

ఈ బియ్యం కిలోకు 28 నుండి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండేలా ప్రమాణం పెట్టారు. ఇది ఎంతవరకు రక్తహీనతను తగ్గిస్తుందనే విషయంలో శాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ఈ బియ్యం తింటే మాత్రలు అవసరం లేదనీ కాదు. గర్భిణికి ఇచ్చే ఎర్ర మాత్ర ఒక్కదానిలోనే 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, అది సహజం, విషం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశ గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఈ లెక్క చూశాక ఒక్క గింజ ఏరి పారేయటానికీ మనసు ఒప్పదు. తలసీమియా వంటి రక్త జబ్బులున్నవారు మాత్రం ఐరన్ విషయంలో డాక్టరుగారిని అడగాలి.

మరి భయపడవలసినవి లేవా?

తప్పక ఉన్నాయి. అనుమతి ఉన్న సంకలితం వేరు, కల్తీ వేరు. సంకలితానికి నంబరు ఉంటుంది, మోతాదు ఉంటుంది, డబ్బా మీద వ్రాస్తారు. కల్తీ చేసేవాడు ఏదీ వ్రాయడు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆర్జిమోన్ అనే ముళ్ళ మొక్క విత్తనాల నూనె కలవడంతో కాళ్ళు వాచి, గుండె దెబ్బతిని 60 మందికి పైగా చనిపోయారు. ఆ నూనెకు డబ్బా మీద ఏ నంబరూ లేదు.

రంగుల విషయంలో నిజంగా జాగ్రత్త అవసరం. మన చట్టం 8 సింథటిక్ రంగులను మాత్రమే, అదీ మిఠాయి, ఐస్‌క్రీము, బిస్కట్టు వంటి కొన్నిటిలో, పరిమితంగా అనుమతిస్తుంది. బిర్యానీలో, చికెన్ ఫ్రైలో, పప్పుల్లో, కారం, పసుపుల్లో కలపటానికి అనుమతి లేదు. మెటానిల్ ఎల్లో అనే పసుపు రంగు ఏ ఆహారంలోనూ ఉండకూడదు, అయినా పప్పుల్లో, లడ్డూల్లో దొరుకుతూనే ఉంది. 2003లో మన దేశం నుండి వెళ్ళిన కారం ఉత్పత్తుల్లో సూడాన్ అనే రంగును ఫ్రాన్సులో పట్టుకున్నారు. బూట్ల పాలిష్‌లో వాడే రంగు అది. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు పీచు మిఠాయిని నిషేధించాయి. బట్టలకు వేసే రోడమిన్–బి అనే గులాబి రంగు అందులో దొరికింది. మార్చి నెలలో కర్ణాటక ప్రభుత్వం రంగు కలిపిన పీచు మిఠాయిని, గోబీ మంచూరియాలో రంగులను నిషేధించింది. తీర్థాల్లో, మహాసభల పందిళ్ళ దగ్గర పిల్లలు మొదట అడిగేది పీచు మిఠాయే కదా.

అనుమతి ఉన్న రంగులు కూడా పిల్లలకు ఎక్కువైతే మంచిది కాదు. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో జరిపిన పరిశోధనలో, కొన్ని రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం తాగిన పిల్లల్లో కొందరిలో స్థిమితం లేని ప్రవర్తన పెరిగింది. 2010 నుండి ఐరోపాలో ఆ రంగులున్న ఆహారం మీద హెచ్చరిక వేస్తున్నారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, నగరంలో కొందరు కొన్ని రంగులను రోజువారీ మోతాదుకు మించి తింటున్నారని తేలింది.

శాస్త్రం తన మాట మార్చుకోవడం కూడా ఉంది. బ్రెడ్డు పొంగడానికి వాడిన పొటాషియం బ్రోమేట్‌ను మన దేశంలో 2016లో తీసివేశారు. ఎరిత్రోసిన్ అనే ఎర్ర రంగుకు అమెరికా 2025 జనవరిలో అనుమతి రద్దు చేసింది. తెలిసిన తరువాత దిద్దుకోవటం మంచి లక్షణమే. అయితే అన్నిటినీ గుడ్డిగా నమ్మకూడదని కూడా ఇది మనకు నేర్పుతుంది.

ఉబ్బసం ఉన్నవారికి ఒక ప్రత్యేక మాట. ఎండుద్రాక్ష, ఎండు ఆప్రికాట్, కొన్ని పండ్ల రసాల్లో సల్ఫైట్లు కలుపుతారు. వీటి నంబర్లు 220 నుండి 228 వరకు. కొందరు ఆస్తమా రోగులకు ఇవి ఆయాసం తెస్తాయి. పసుపు రంగు టార్ట్రజిన్, నంబరు 102, కొద్దిమందికి దద్దుర్లు తెస్తుంది. ఇలాంటి సమయంలో డబ్బా మీది నంబరే మనకు రక్షణ.

ఎవరూ భయపడని వాటి సంగతి

నేను ఉద్యోగంలో చేరినప్పుడు వనస్పతితో చేసిన మిఠాయి అంటే అందరికీ ఇష్టం. దాని మీద ఏ పుకారూ లేదు. కానీ అందులోని ట్రాన్స్‌ఫ్యాట్ గుండె రక్తనాళాలకు శత్రువు అని తేలింది. నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2021లో 3 శాతానికి, 2022లో 2 శాతానికి పరిమితం చేశారు. మనం భయపడనిదే మనకు ఎక్కువ హాని చేసింది.

ఉప్పు సంగతీ అంతే. రోజుకు 5 గ్రాములకు లోపు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనవారు సగటున 8 గ్రాములు తింటున్నారని 2023లో ప్రచురించిన జాతీయ సర్వే చెప్పింది. ఊరగాయ, అప్పడం, వడియం, ఎండుచేప మీద నంబర్లు ఉండవు. అయినా పక్షవాతంతో, కిడ్నీ జబ్బుతో మన వార్డులకు వచ్చేవారిలో ఎందరికో బి.పి. ఉంటుంది, బి.పి.ని పెంచేది ఉప్పు. నంబరు 621కు భయపడి హోటలు మానేసి, ఇంట్లో మూడు పూటలా ఆవకాయ కలుపుకుంటే లాభమేమిటి?

ఇంకొక సంగతి. "ప్రిజర్వేటివ్ లేదు" అని వ్రాసినంత మాత్రాన అది క్షేమం కాదు. బూజు పట్టిన బ్రెడ్డులో ఆ మూల తుంచేసి మిగతాది పిల్లలకు పెట్టే తల్లులున్నారు. బూజు వేళ్ళు కంటికి కనబడకుండా లోపలికి పోతాయి. బ్రెడ్డులో వేసే కాల్షియం ప్రొపియొనేట్, నంబరు 282, ఆ బూజును ఆపడానికే. బూజు పట్టిన వేరుశనగల్లో పుట్టే ఆఫ్లటాక్సిన్ కాలేయానికి క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. అది ఫ్యాక్టరీలో కాదు, మన గోనె సంచిలో పుడుతుంది.

ఇంట్లో పాటించవలసినవి

• ప్యాకెట్ కొనేటప్పుడు ఆహార భద్రతా సంస్థ వారి 14 అంకెల లైసెన్సు నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. అవి లేనివి కొనకండి.

• వెనుక వైపు పదార్థాల జాబితాలో మొదట వ్రాసినదే ఎక్కువ ఉంటుంది. మొదటి మూడు పేర్లలో చక్కెర, నూనె, మైదా ఉంటే, నంబర్ల కన్నా ముందు వాటి గురించి ఆలోచించండి.

• మిరప్పొడి, పసుపు వీలైనంతవరకు కాయలు, కొమ్ములు కొని మర పట్టించుకోండి. మెరిసిపోయే ఎరుపు, పసుపు మంచితనానికి గుర్తు కాదు.

• సండే స్కూలు పిల్లలకు, క్రిస్మస్ పంపకాలకు రంగు మిఠాయిల బదులు వేరుశనగ చెక్క, అరటిపండు, ఖర్జూరం ఇవ్వండి. సంఘ విందుల్లో వంటవారికి "బిర్యానీలో రంగు వద్దు" అని ముందే చెప్పండి.

• అయోడిన్ ఉప్పే వాడండి, తక్కువగా వాడండి. డబ్బా మూత పెట్టి ఉంచండి.

• ఏడాది లోపు పిల్లలకు ప్యాకెట్ చిరుతిండి, కూల్‌డ్రింకులు, నూడుల్స్ వద్దు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే.

• ఏదైనా తిన్నాక దద్దుర్లు, ఆయాసం వస్తే ఆ ప్యాకెట్ పారేయకండి. ఆసుపత్రికి వెంట తీసుకురండి.

• ఫోనులో భయపెట్టే సందేశం వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు చెప్పారు? ఎంత మోతాదు గురించి చెప్పారు? ఇది మానితే దాని బదులు నేను తినబోయేది ఏమిటి? జవాబు లేకపోతే ఇంకొకరికి పంపకండి.

• డాక్టరుగారు వ్రాసిన మాత్రలను ఎవరి మాట మీదనో మానకండి. అనుమానం ఉంటే వచ్చి అడగండి. అడిగినందుకు ఇక్కడ ఎవరూ కోప్పడరు.

చివరిగా

ఆ గర్భిణికి రెండు యూనిట్ల రక్తం ఎక్కించాం. ఎర్ర మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాం. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, వంటశాల నుండి తెప్పించిన ఆ గింజలను చిన్న గిన్నెలో ఉడకబెట్టి చూపించాం. అవి మెత్తబడి, చేతిలో అన్నంలా నలిగిపోయాయి. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కళ్ళు తుడుచుకుని, "నా చేతులతో నేనే దాని రక్తం పారబోశానా సిస్టరమ్మా?" అంది. "లేదమ్మా, మీకెవరూ సరిగా చెప్పలేదు, ఆ తప్పు మాది కూడా" అన్నాను. నెలలు నిండాక ఆ అమ్మాయికి రెండు కిలోల ఆరువందల గ్రాముల ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమంగా ఇంటికి వెళ్ళారు.

థెస్సలొనీక సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో పౌలు గారు ప్రతిదాన్నీ పరీక్షించి చూసుకోమని చెప్పిన సంగతి మనందరికీ తెలుసు. విన్నదంతా నమ్మమనీ చెప్పలేదు, అన్నిటికీ భయపడమనీ చెప్పలేదు. మనం తినే అన్నం విషయంలోనూ అలాగే నడుచుకుందాం. ప్రభువు మీ కుటుంబాలకు ఆరోగ్యాన్ని, మీ భోజనపు బల్లకు సమాధానాన్ని దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్